‘బ్రదర్’ తీసేయమ్మా

నెల్లూరులో మా అక్క కొడుకు పెళ్లి. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి మూడు రోజుల సెలవు కోసం లెటర్ రాశాను, ‘కజిన్ బ్రదర్ మ్యారేజ్’ అని. చదివి, బ్యాగులో పెట్టుకోకుండా టేబుల్ మీద పడేసింది.

"ఇది మిస్‌కి ఇవ్వను. బ్రదర్ తీసేయమ్మా, కజిన్ అంటే చాలు. మ్యారేజ్ కాదు, వెడ్డింగ్."

ఇదే మాట రాసి ఆఫీసులో నేనెన్ని లీవులు పెట్టానో! "మద్రాసు మొత్తం ఇలాగే రాస్తుందే" అన్నాను. "మొత్తం తప్పే రాస్తుంది" అంది.

రాత్రి పంతం కొద్దీ డిక్షనరీలు తిరగేశాను. కజిన్‌కి మూలం లాటిన్‌లో ‘కోన్సోబ్రీనుస్’. మొదట్లో దాని అర్థం తల్లి అక్కచెల్లెళ్ల బిడ్డ అట. అంటే అచ్చం మా అక్క కొడుకే! ఇంగ్లిష్‌కొచ్చేసరికి పెదనాన్న కొడుకూ మేనత్త కూతురూ అందరూ కజిన్లే. ఆ గుంపులోంచి అన్నయ్యని విడిగా చూపించడానికే మనవాళ్లు బ్రదర్ తగిలించారని, పొద్దున్నే గెలిచినట్టు చెప్పాను.

"మరి మామయ్య కొడుకో?"

నోరు పడిపోయింది. వాణ్ణి ‘బావ’ అనమని చిన్నప్పట్నుంచీ దాని వెంటపడింది నేనే. పోయిన సంక్రాంతికి మా వదిన నవ్వుతూ "మా కోడలు" అంటే మొహం మాడ్చుకున్నదీ నేనే. తిరుగు రైల్లో "వాడు నీకు కజిన్, అంతే" అని చెప్పాను కూడా. వరస కావాలి, ఆ వరసతో వచ్చే పెళ్లిమాట వద్దు. దీన్ని పిల్లకి ఎలా చెప్పాలి?

"నాకు తెలుసులే. కింద ఫ్లాట్ తమిళవాళ్లింట్లో అన్నని పిలిచే అణ్ణన్ వేరు, బావని పిలిచే అత్తాన్ వేరు. కానీ లెటర్ ఇంగ్లిష్‌లో కదమ్మా."

వరసలు పిలిపించి నేర్పండని తోటి తల్లులకి సలహాలిస్తుంటాను. మా పిల్లకి తేడా తెలిసింది తమిళంలోనా! సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

లెటర్ మళ్లీ రాశాను. అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలో కూడా అదే చెప్పింది.

ఇక నా లీవు మెయిల్. పెళ్లికొడుకు నాకు కొడుకు వరస. ‘నెఫ్యూ’ అని కొట్టి, కాసేపు దానివైపే చూసి, పంపేశాను.