బావ నీలం చొక్కా

మారతహళ్లిలో మా ఫ్లాట్ బాల్కనీలో ఒక నీలం చొక్కా వేలాడుతూ ఉంటుంది, మా బావది, ఉతికి ఐదు నెలలైంది. అది వేసుకుని గోవా కాసినోలో పద్దెనిమిది వేలు గెలిచాడు, ఉతికితే లక్ పోతుందంట. పనావిడ ఒకసారి సబ్బు నీళ్లలో ముంచబోతే పళ్లు తోముకుంటున్నవాడు బ్రష్‌తోనే పరిగెత్తాడు.

మాది భీమవరం వైపు, సంక్రాంతి వస్తే పేకాట లేని అరుగుండదు, ఆ పట్టింపులన్నీ మనోడు బెంగళూరు దాకా మోసుకొచ్చాడు. ఆట మధ్యలో డబ్బులు లెక్కపెట్టకూడదు, పక్కోడికి అప్పివ్వకూడదు, ముక్కలు పడకపోతే లేచి కుర్చీ మారాలి.

మొన్న నేనూ వెళ్లా. పంజిమ్‌లో మాండోవి నది మీద ఓడలో కాసినో, చిన్న పడవలో తీసుకెళ్తారు. రూలెట్ అంటే తిరిగే చక్రంలో గోళీ ఏ నంబరు, ఏ రంగు గడిలో పడుతుందో పందెం కాయడం, ఆ టేబుల్ దగ్గర ఒక స్క్రీన్ ఉంది, అంతకుముందు పడ్డ నంబర్లన్నీ ఎరుపు నలుపుల్లో వరసగా. అంత మర్యాదగా మనకెందుకు చూపిస్తారు చెప్పండి? చక్రానికి పాత ఆట గుర్తుండదు, గుర్తుపెట్టుకునేది మనమే. నలుపు వరసగా ఆరుసార్లు పడితే కొందరు ఇక ఎరుపే అంటారు, కొందరు నలుపు ఊపు మీదుంది అంటారు, చూసేది మాత్రం అందరూ ఆ ఒక్క బోర్డే. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటే కార్లో కాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది, ఈసారి ఎరుపు రాకపోతుందా అని పందెం పెంచుకుంటూ పోయినోళ్లు నిండా మునిగారు. ఒకే సున్నా ఉన్న చక్రంలో గళ్లు 37, ఎరుపు 18, నలుపు 18, 27వ సారి తిప్పినా అదే లెక్క. ఆ మిగిలిన ఒక్క సున్నాతోనే కాసినోకి సగటున వందకి 2 రూపాయల 70 పైసలు మిగులుతుంది. ఇదంతా బావకి తెలీదనుకునేరు, ఆఫీసులో రాండమ్ నంబర్లతో టెస్ట్ డేటా తయారుచేసేది ఆయనే!

నేనేం తక్కువ కాదులెండి. నా బండి నంబరు కలిపితే 9, దానికోసం షోరూం చుట్టూ పది రోజులు తిరిగా, అక్కడా 9 మీదే మూడుసార్లు పెట్టా, మూడూ పోయాయి.

బావ మాత్రం ఎరుపు మీద గట్టిగా పెట్టి కూర్చున్నాడు. నా నోరు ఊరుకోక "బావా, ఇంకా ఎంతుంది?" అన్నా. తిరిగి చూశాడు చూడండి, తద్దినం రోజు చికెన్ తెమ్మన్నట్టు. "ఒరేయ్, టేబుల్ దగ్గర లెక్క అడుగుతావేంట్రా?" అనేలోపే నలుపు పడింది, తర్వాత మళ్లీ నలుపు. మొత్తం పదకొండు వేలు పోయింది, పడవ ఒడ్డుకి చేరేదాకా నా నోటినే తిట్టాడు.

గెలిస్తే చొక్కా, పోతే నేను. ఆ రోజూ ఒంటి మీద ఆ చొక్కానే ఉంది కదా అంటే, అందుకే పదకొండుతో పోయిందిరా అంటాడు.

డిసెంబర్‌కి మళ్లీ టికెట్లు చూస్తున్నాడు, నన్నడగలేదు. నిన్న చొక్కాకి సెంటు కొట్టాడు.