సంఘం గొంతు సంఘానికి వినబడాలి

అందరికీ వందనాలు. ఆదివారం ఆరాధనలో నేను కూర్చునేది మిక్సర్ దగ్గర, అంటే మైకుల, వాయిద్యాల సౌండ్ కలిపి పెంచి తగ్గించే పెట్టె దగ్గర. గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్, రేకుల కప్పు వేసిన హాలు, ఒక కీబోర్డ్, ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్), ఒక గిటార్, నాలుగైదు మైకులు, అంతే మా సరంజామా. పక్క ఊళ్ల చర్చిల నుంచి తమ్ముళ్లు ఫోన్ చేసి ఏ మిక్సర్ కొనమంటారు అన్నా, ఏ స్పీకర్ బాక్సులు మంచివి అని అడుగుతుంటారు. కంపెనీ పేరు చెప్పేముందు నేను వాళ్లని ఒక్క మాట అడుగుతాను: పాట సాగుతుండగా మధ్య వరుసలో నిలబడిన మనిషికి తన పక్కవాళ్ల గొంతు వినబడుతోందా? వినబడుతుంటే మీ సౌండ్ బాగున్నట్టే, మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు. వినబడకపోతే లక్షలు పోసి కొత్త సెట్ తెచ్చినా ఆ లోటు తీరదు, ఇంకా పెరుగుతుంది.

వాయిద్యాల గురించి వాదన వచ్చిన ప్రతిసారీ మనవాళ్లు 150వ కీర్తన తీస్తారు. బూర, స్వరమండలం, సితారా, తంబుర, మోగే తాళాలు అన్నీ ఉన్నాయి అందులో, డ్రమ్స్ వద్దనే పెద్దలకి అది మంచి జవాబే. కానీ ఆ కీర్తన వాయిద్యాల దగ్గర ఆగదు, ఊపిరి ఉన్న ప్రతి ప్రాణీ స్తుతించాలి అనే మాటతో ముగుస్తుంది. ఆ చివరి వచనం సౌండ్ చూసుకునేవాళ్ల కోసమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు, కింద పల్లవి, చరణాలు. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో కీర్తనలు కట్టే రోజుల్లో మైకూ లేదు, కరెంటూ లేదు. ఒకరు చరణం అందించేవారు, అందరూ అందుకునేవారు. అక్షరం ముక్క రాని అమ్మమ్మలకి అన్నేసి పాటలు నోటికి రావడానికి కారణం అదే, విని పాడి విని పాడి నేర్చుకున్నారు, పుస్తకం చేతిలో ఉన్నా అది ముద్దు పెట్టుకోవడానికే. ఈ పద్ధతిలో పాట మనుషుల కోసం ఆగుతుంది. ఎవరికైనా గుండె నిండిపోయి పల్లవి దగ్గరే నిలిచిపోతే సంఘమంతా మళ్లీ పల్లవి ఎత్తుకుంటుంది, ఎన్నిసార్లైనా సరే. హార్మోనియం పెట్టె ముందు కూర్చున్న మనిషి కూడా వాళ్లతోపాటే ఆగేవాడు, వాళ్లు కదిలితే కదిలేవాడు.

ట్రాక్, అంటే ముందే రికార్డ్ చేసిన వాయిద్యాల సంగీతం, అలా ఆగదు. నాకు ఈ రోజుల్లో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. యూట్యూబ్‌లోంచి మ్యూజిక్ ట్రాక్ దించుకుని, ఫోన్‌ని మిక్సర్‌కి కలిపి, దాని మీద పాడటం ఇప్పుడు చాలా చోట్ల మామూలైపోయింది. క్రిస్మస్‌కి పిల్లలు స్పెషల్ సాంగ్ పాడటానికి ట్రాక్ పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, ముద్దుగా పాడతారు. వాయించేవాళ్లు ఒక్కరూ లేని పల్లెటూరి సంఘంలో పాస్టర్ గారు ట్రాక్ మీద ఆధారపడితే దాన్నీ తప్పుపట్టను. కానీ వాయించే పిల్లలు ఉండి కూడా, యూట్యూబ్‌లో విన్నట్టే రావాలని ఆరాధన మొత్తం ట్రాకుల మీద నడిపితే ఏమవుతుందో వెనక నుంచి రోజూ చూస్తున్నవాళ్లకి తెలుసు. రెండో చరణం ముందు ముప్పై సెకన్ల ఫ్లూట్ బిట్ వస్తుంది, అంతసేపూ జనం ఊరికే నిలబడతారు. పల్లవి ఇంకోసారి పాడాలని అయ్యగారికి అనిపించినా కుదరదు, ట్రాక్ అప్పటికే ముందుకు వెళ్లిపోయింది. స్టూడియోలో పాడిన సోదరి గొంతుకి సరిపోయిన స్కేల్, అంటే శ్రుతి, మా సంఘంలో మగవాళ్లకి అందదు, ముందు వరుసలో పెద్దాయన మొదటి లైన్ పాడి ఊరుకుంటాడు, ఆయన్ని చూసి పక్కాయన ఊరుకుంటాడు. మూడో పాటకొచ్చేసరికి స్టేజీ మీద నలుగురు పాడుతుంటారు, కింద అందరూ చూస్తుంటారు.

స్కేల్ సంగతి మాత్రం ఖర్చు లేకుండా ఇవాళే సరిచేసుకోవచ్చు. కీబోర్డ్ మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది, రికార్డింగ్‌లో ఉన్నదానికన్నా రెండు మెట్లో మూడు మెట్లో దించండి, అంతే. మా కీబోర్డ్ తమ్ముడు ప్రతి పాటకీ సంఘం స్కేల్ ఏంటో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాడు. ఎవరైనా అక్క సాక్ష్యం మధ్యలో తనకు తోచిన శ్రుతిలో పాట ఎత్తుకుంటే, ఆమె స్కేల్ వెతికి పట్టుకుని మెల్లగా కిందనుంచి కలుస్తాడు. చర్చిలో కీబోర్డ్ వాయించడం అంటే నా దృష్టిలో అదే పెద్ద విద్య.

తాళం కష్టం ఇంకొంచెం లోతైంది. కీబోర్డ్‌లో రెడీగా వచ్చే స్టైల్స్, అంటే బటన్ నొక్కితే దానంతటదే మోగే తాళాలు, ఎక్కువగా నాలుగు దెబ్బలవి, లేదంటే మూడు, ఆరు దెబ్బలవి. పాత కీర్తనల్లో చాపు తాళంలో ఉన్నవి ఉన్నాయి, మిశ్ర చాపు అంటే తకిట తకధిమి, ఏడు. ఆ ఏడుని ఆరులో కూర్చోబెట్టాలని చూస్తే ప్రతి ఆవర్తంలో ఒక దెబ్బ మింగేయాలి, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి, పెద్దవాళ్లు ఒకలాగా స్టైల్ ఇంకోలాగా పోయి చివరికి పాటే చెడిపోతుంది. అప్పుడు యవ్వనస్తులు ఏమంటారంటే, ఈ పాట సెట్ అవ్వదు అన్నా, వదిలేద్దాం. వందేళ్లు పైబడి అందరి నోట నిలిచిన పాట ఒక స్టైల్ బటన్ వల్ల పక్కకు పోకూడదు. మేము చేసేది చాలా మామూలు పని: అలాంటి పాట వచ్చినప్పుడు స్టైల్ ఆపేస్తాం, డోలక్, చేతి తాళాలు, కీబోర్డ్‌లో సన్నగా ఒక శ్రుతి, అంతే. ఆనందభైరవి రాగంలో ఉన్న పాటకి బలవంతంగా కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి వాయించేవి) వెయ్యడం కూడా మానేశాం. హాలంతా ఎలా పాడుతుందో వచ్చి వింటే తెలుస్తుంది.

టెక్నాలజీ వల్ల మేలు జరగలేదని నేను అనను, చాలా జరిగింది. రేకుల హాల్లో అసలు డ్రమ్ సెట్ పెడితే సింబల్ చప్పుడు నాలుగు గోడలకీ కొట్టుకుని తిరిగొస్తుంది, మిక్సర్ దగ్గర నేను ఎంత తగ్గించినా తగ్గదు, ఎందుకంటే అది మైకులోంచి వచ్చే శబ్దం కాదు. రోలాండ్ వాళ్ల ఆక్టోప్యాడ్ 1985లో వచ్చింది, ఇప్పుడు పల్లెటూరి చర్చిల్లో కూడా ప్యాడ్స్ వాయించే కుర్రాడు ఉంటున్నాడు, ఆ ప్యాడ్స్‌కి వాల్యూమ్ బటన్ ఉందన్న ఒక్క సంగతే మాలాంటి హాళ్లకి పెద్ద వరం. అలాగే మైకు. గొంతు లేని పెద్దాయన ప్రార్థన చేసినా వెనక కూర్చున్న తల్లికి వినబడుతోంది. ఎకో మాత్రం తగ్గించండి. రేకుల కప్పు కింద అసలే మాట మోగుతుంది, దానిమీద మనం ఇంకో ఎకో కలిపితే వాక్యంలో ఏ మాటా స్పష్టంగా చెవిన పడదు. వాక్యం వినడానికి వచ్చిన మనిషికి వాక్యం వినబడటం కన్నా ముఖ్యమైన సౌండ్ పని ఇంకేముంది?

చర్చి బయటికి తిప్పిన హారన్ స్పీకర్ల గురించి కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. చెన్నైలో ఒక చర్చికీ, చుట్టుపక్కల కాలనీ వాళ్లకీ డ్రమ్స్, గిటార్ల సౌండ్ మీద గొడవ వచ్చి అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 ఆగస్టు 30న తీర్పు వచ్చింది. ఇతరుల ప్రశాంతతకి భంగం కలిగిస్తూ మైకులతో, డ్రమ్స్‌తో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు అంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. చట్టం సంగతి అలా ఉంచండి. మన గోడ పక్కన జ్వరంతో పడుకున్న పిల్లాడు ఉన్నాడేమో, పరీక్షకి చదువుకునే అమ్మాయి ఉందేమో, పొరుగువాణ్ణి ప్రేమించమని లోపల చెబుతూ హారన్ బయటికి తిప్పడం నాకు సమ్మతంగా లేదు. మా పెద్దలు ఒప్పుకుని హారన్లు దించేశారు. బాక్సులు లోపలి వైపు, జనం మీదకి వంచి పెట్టాం, వాల్యూమ్ కూడా తక్కువే సరిపోతోంది.

ఆరాధనని ఫోన్‌లో లైవ్ ఇవ్వడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది ఒక ముఖ్యమైన విషయం గమనించడం లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది, ఏప్రిల్ 12న ఈస్టర్, చర్చిలన్నీ మూత. అప్పట్లో ఫోన్ నుంచి యూట్యూబ్ లైవ్ పెట్టాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, అందుకే మాలాంటి చిన్న సంఘాలు చాలావరకు ఫేస్‌బుక్ లైవ్‌తో మొదలుపెట్టాయి. ఖాళీ హాల్లో అయ్యగారు, కీబోర్డ్, ఒక ఫోన్. తర్వాత తలుపులు తెరుచుకున్నాయి, జనం వచ్చారు, లైవ్ మాత్రం ఆగలేదు, ఆగకూడదు కూడా. మంచం మీద ఉన్నవాళ్లున్నారు, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లున్నారు, వాళ్లకి ఆదివారం సెలవు ఉండదు, వంటింట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మన ఆరాధన వింటారు. అయితే లైవ్‌కి వెళ్లే సౌండ్ నేరుగా మిక్సర్ నుంచి పోతుంది. మిక్సర్‌కి వచ్చేవి స్టేజీ మైకులు, కీబోర్డ్, ప్యాడ్స్ మాత్రమే. అంటే హాల్లో రెండు వందల మంది ఎలుగెత్తి పాడుతున్నా లైవ్‌లో ముగ్గురే పాడుతున్నట్టు వినబడుతుంది. సంఘం తిరిగొచ్చినా లైవ్‌లో హాలు ఇంకా ఖాళీగానే ఉంది.

దీనికి మందు ఉంది. రెండు కండెన్సర్ మైకులు తీసుకుని స్టేజీ అంచున, పైన, జనం వైపు తిప్పి కట్టండి. ఆ రెండింటినీ హాల్లో బాక్సులకి అస్సలు ఇవ్వొద్దు, ఇస్తే కూత పెడతాయి, లైవ్‌కి వెళ్లే లైన్‌కి మాత్రమే ఇవ్వండి. మీ మిక్సర్‌లో ఆక్స్ అని ఉండే బటన్లు, అంటే ఒక సౌండ్‌ని విడిగా ఇంకో లైన్‌కి పంపేవి, ఇందుకు పనికొస్తాయి. ఇంకో చిన్న చిక్కు ఉంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, కాబట్టి పది మీటర్ల దూరం నుంచి వచ్చే గొంతు మైకుని చేరడానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది. పెద్ద హాల్లో అది ఎక్కువై వెనక ఎవరో ఆలస్యంగా పాడుతున్నట్టు అనిపిస్తుంది. డిజిటల్ మిక్సర్ ఉంటే స్టేజీ సౌండ్‌ని అంతే డిలే చేసి కలపండి, మాలాంటి హాల్లో అది లేకపోయినా పర్వాలేదు. మేము ఈ మైకులు కట్టిన వారం కువైట్ నుంచి మా సంఘపు అక్క ఒకామె ఫోన్ చేసి, "తమ్ముడూ, ఇవాళ మా అమ్మ గొంతు గుర్తుపట్టాను" అంది. నాకు ఆ తర్వాత మాట రాలేదు.

పెద్ద చర్చిల్లో వాయించేవాళ్లు చెవుల్లో ఇన్-ఇయర్‌లు (చెవిలో పెట్టుకునే చిన్న స్పీకర్లు), అందులో క్లిక్, అంటే తాళం తప్పకుండా టిక్ టిక్‌మనే శబ్దం, పెట్టుకుంటున్నారు. వాళ్లకి కూడా ఈ జనం మైకుల సౌండ్ కొంచెం చెవిలోకి ఇవ్వండి. లేదంటే సంఘం ఆగిందో సాగిందో వాళ్లకి తెలియదు.

ప్రొజెక్టర్ మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది, శుక్లాలు వచ్చిన పెద్దవాళ్లు అంతంత అక్షరాలు చూసి పాడుకుంటున్నారు. పాటలు యూనికోడ్‌లోనే టైప్ చేయండి, పాత అను ఫాంట్స్‌లో చేసినవి వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, సరిగ్గా ఆరాధన మొదలయ్యేటప్పుడే ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. వెనక కదిలే సముద్రాలు, జలపాతాలు తీసేసి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టండి. ఏఐతో చేసిన క్రైస్తవ పాటలు కూడా యూట్యూబ్‌లో వస్తున్నాయి, కొన్ని వినడానికి బాగానే ఉన్నాయి. కానీ ఎవరి కన్నీళ్లలోంచీ రాని పాటని నేను ఆరాధనలో నా చేత్తో పెట్టలేను.

చివరిగా ఒక పని, దీనికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. మా ఇంట్లో ఉన్న కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లే ఉన్నాయి, స్వరాలు లేవు. చాలా పాటల అసలు వరస మన అమ్మమ్మల, మామ్మల నోళ్లలోనే ఉంది, వాళ్లు వెళ్లిపోతే వరస కూడా పోతుంది. కిందటి క్రిస్మస్ తర్వాత మేము రికార్డ్ చేయడం మొదలుపెట్టాం, మధ్యాహ్నం పూట వాళ్ల ఇంటికే వెళ్లి. మీరూ చేయండి. ఫ్యాన్ ఆపండి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కీబోర్డ్ తీసుకెళ్లొద్దు, వాళ్ల శ్రుతిలోనే పాడనివ్వండి. ముందు పాట నంబరు, ఊరి పేరు చెప్పించండి. ఒక్కరిని కూర్చోబెడితే సిగ్గుపడతారు, ఇద్దరు ముగ్గురిని కలిపి పాడించండి, ఒకరు మర్చిపోయిన చరణం ఇంకొకరు అందుకుంటారు. రికార్డింగ్‌లు వాట్సాప్‌లో ఆడియోగా పంపితే క్వాలిటీ తగ్గొచ్చు, డాక్యుమెంట్‌గా పంపండి లేదా డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి. మీ ఊళ్లో వరస మా ఊళ్లో వరస వేరైతే రెండూ దాచుకుందాం.