స్లీవ్ తొడుక్కున్న మోచెయ్యి

పొద్దున తువ్వాలు పిండుతుంటే మోచేతికి బయటివైపు, ఎముక పొడుచుకొచ్చే చోట మళ్ళీ పోటు వచ్చింది. నిన్నటంత లేదు. ఆ వెంటనే అరచెయ్యి కిందికి పెట్టి నీళ్ళ మగ్గు ఎత్తి చూశాను, ఈమధ్య ఆ రోజు బాస్కెట్‌బాల్ ఎంత ఆడాలో తేల్చేది ఈ మగ్గే. ఇది స్లీవ్, అంటే చేతికి బిగుతుగా తొడుక్కునే గుడ్డ తొడుగు, లేకుండానే చూడాలి. స్లీవ్ వేసుకుంటే మోచెయ్యి వెచ్చబడి నొప్పి తగ్గినట్టుంటుంది, లోపల టెండన్ (కండరాన్ని ఎముకకి అతికించే పీచు) పరిస్థితి మాత్రం అప్పుడు తెలియదు.

సాయంత్రం కోర్టుకి వెళ్ళగానే వార్మప్‌కి ముందే తొడుక్కున్నాను. మోచేతి మడతలో గుడ్డ ముడతలు పడితే షాట్ వేసిన ప్రతిసారీ అక్కడ కోసుకుంటుంది, అందుకని చెయ్యి చాచి, మడిచి, వేలితో సర్దుకోవడానికి ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషం నాకు ఇష్టం కూడా. సైజు విషయంలో కక్కుర్తి పడకూడదు. టేపుతో చేతి చుట్టుకొలత తీసుకునే కొనాలి, వదులైతే కిందికి జారిపోతుంది, మరీ బిగుతైతే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెన్ ఐవర్సన్‌ని చూసి వేసుకున్నావా అని మా టీమ్‌లో ఒకడు అడిగాడు. 2000-01 సీజన్లో ఆయన వేసుకున్నది కూడా మోచేతి బాధకే, స్టైల్ అన్నది తర్వాత వచ్చింది. కాకపోతే ఆయనది బర్సైటిస్, అంటే కీలు దగ్గరుండే చిన్న నీటి సంచి వాచడం. నాది టెండన్, మణికట్టుని వెనక్కి వంచే కండరాలు ఎముకకి అతుక్కునే చోటు. బంతి బరువు దాదాపు 600 గ్రాములే, అదేం పెద్ద బరువు కాదు. కానీ షాట్‌కి ముందు మణికట్టు వెనక్కి వంచి, వదిలేటప్పుడు ముందుకి విదిలిస్తాం, ఆ విదిలింపుని ఆపాల్సింది మళ్ళీ ఆ కండరాలే. అదే పని సాయంత్రమంతా చేస్తే ఆ చిన్న అతుకు మీద ఎంత భారం పడుతుందో! పైగా 6.75 మీటర్ల దూరంలో ఉండే మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసేటప్పుడు కాళ్ళు అలసిపోయి ఉంటే బలమంతా చేతి నుంచే లాగుతాం. అందుకే ఈరోజు దూరం షాట్లు వదిలేసి ఫ్రీ త్రోలు, బుట్ట దగ్గరికి వెళ్ళి వేసే లేఅప్‌లతో సరిపెట్టుకున్నాను.

స్లీవ్‌లో నాకు బాగా నచ్చింది బిగింపు కన్నా, అది చర్మానికి ఆనుకుని ఉండటం వల్ల మోచెయ్యి ఎక్కడుందో తెలుస్తూ ఉండటం. షాట్ వేసేటప్పుడు మోచెయ్యి పక్కకి తెరుచుకుంటే వెంటనే పట్టుకోగలుగుతున్నాను. నొప్పి మరీ ఎక్కువున్న రోజు మోచేతికి రెండు వేళ్ళ కింద, ముంజేతి కండ మీద కట్టే పట్టీయే మేలు, అది లాగుడుని అతుకు దాకా పోనివ్వకుండా కొంత తీసుకుంటుంది. కానీ ఏది కట్టుకున్నా టెండన్‌ని నయం చేసేది అది కాదు, ఈ మాట గట్టిగానే చెబుతాను. ఇలా నెలల తరబడి ఉండే నొప్పిలో వాపు కంటే టెండన్ పీచు దెబ్బతినడమే ఎక్కువ. పీచు మళ్ళీ గట్టిపడాలంటే దానికి కొంచెం కొంచెంగా పని చెప్పాలి.

ఆ పని ఇంటికొచ్చాక. ముంజెయ్యి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, చిన్న డంబెల్‌ని రెండో చేతి సాయంతో పైకి తెచ్చి, ఒంటి చేత్తో మెల్లగా కిందికి దించడం. ఎంత మెల్లగా దించితే అంత మంచిది. కొంచెం నొప్పి ఉన్నా పర్వాలేదు, తెల్లారేసరికి సర్దుకోవాలి, సర్దుకోకపోతే బరువు తగ్గించు అన్నారు ఫిజియో. వారాలు పడుతుంది, నెలలు కూడా పట్టొచ్చు, టెండన్‌కి రక్తం అందేదే తక్కువ మరి. మొదట్లో ఈ మాట వింటే దిగులేసేది, ఇప్పుడు బంతి పట్టుకోగలుగుతున్నానన్న సంతోషమే ఎక్కువగా ఉంది.

స్లీవ్ ఉతికి ఆరేశాను, రాత్రి అది వేసుకుని పడుకోను. రేపు షూటింగ్ పెట్టుకోను, డిఫెన్స్ డ్రిల్స్ వరకే.