ఒక్క సున్నా కోసం ఆరు గంటలు

నిన్న చీకటి పడేలోపు జాంబియాలోని లివింగ్‌స్టన్ చేరాను. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారితే సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

నా ఉద్యోగం జొహానెస్‌బర్గ్‌లో. బండి మీద జాంబియా వెళ్లి విక్టోరియా జలపాతం చూడాలని నాలుగేళ్ల కోరిక. అక్కడివాళ్లు దాన్ని మోసీ-ఓ-తున్యా అంటారు, ఉరిమే పొగ అని. గ్రోబ్లర్స్‌బ్రగ్ దగ్గర లింపోపో నది దాటి బోట్స్వానాలోకి రావడం అరగంట పని. గాలికుంటు వ్యాధి చెక్‌పోస్టుల్లో బూట్లు మందునీళ్లలో ముంచి, టైర్లు తడిపించి పంపారు. నాటా నుంచి కజుంగులా దాకా దాదాపు 300 కిలోమీటర్లు, ఏనుగులు రోడ్డు దాటే దారి. పదహారు లెక్కపెట్టాను. 80 దాటించలేదు, చీకట్లో నడపలేదు. ఆ రోజు నడిపినంత బాగా నేనెప్పుడూ బండి నడపలేదు.

జాంబేజీ మీద బోట్స్వానాని జాంబియాతో కలిపే కజుంగులా వంతెన 2021లో తెరిచారు, 923 మీటర్లు. అంతకుముందు పంటు మీద దాటాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు దేశాల ముద్రలూ అవతలి ఒడ్డునే వేస్తారు. పొద్దున ఎనిమిదిన్నరకి అక్కడున్నాను.

కస్టమ్స్ ఆవిడ నా కాగితాలు చూసి, టార్చి తీసుకుని బయటికొచ్చింది. హ్యాండిల్ కింద దుమ్ము గుడ్డతో తుడిచి ఛాసిస్ నంబర్ ఒక్కొక్కటే చదివింది. బండి దొంగిలించింది కాదని ఇచ్చే పోలీసు క్లియరెన్స్‌లో ఒకచోట సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం ఉంది. "ఛాసిస్ నంబర్లో ఓ ఉండనే ఉండదు, సర్. బండి ఇక్కడే ఆపండి" అంది. నిజమే, సున్నాతో, ఒకటితో కలిసిపోతాయని 17 స్థానాల ఆ నంబర్లో ఓ, ఐ, క్యూ అక్షరాలు వాడరు. ఆమె తప్పేమీ లేదు. ఫారం నింపింది జొహానెస్‌బర్గ్‌లో నేను డబ్బిచ్చి పెట్టుకున్న ఏజెంట్.

లారీ డ్రైవర్లు చుట్టూ మూగారు. "దొంగ బండా?" అని ఒకడు అడిగాడు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాను, ఒక్క చలాను లేదు. అంతమంది ముందు తల దించుకుని నిలబడ్డాను. ఏజెంట్‌కి ఏడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. డబ్బు చేతిలో పడేదాకా "అన్నా, అన్నా" అన్నవాడే.

నా సిమ్ పనిచేయకపోతే ఫోన్ ఇచ్చింది కిత్వేకి సరుకు తీసుకెళ్తున్న జాంబియా డ్రైవర్. లారీ నీడలో వండుకున్న న్షీమాలో సగం నాకు పెట్టాడు. మన సంగటే, కాకపోతే తెల్ల మొక్కజొన్న పిండిది. ఎండుచేపల కూరతో తిన్నాను. మా ఆఫీసులో పనిచేసే కాకినాడ అబ్బాయి సెలవు పెట్టి పోలీసుల దగ్గరికి వెళ్లి, కౌంటర్ ముందు కదలకుండా కూర్చుని సరిచేసిన కాగితం పంపించాడు. అది రెండున్నరకి వచ్చింది.

తర్వాత కార్బన్ పన్ను, కౌన్సిల్ రుసుము, టోల్, ఇన్సూరెన్స్, ఒక్కోదానికి ఒక్కో కిటికీ. క్వాచాలు (జాంబియా డబ్బు), డాలర్లు రెండూ దగ్గరుంచుకోండి. బండి లోన్‌లో ఉంటే బ్యాంకు అనుమతి లేఖ అసలుదే తెచ్చుకోండి. ఏజెంట్‌ని మాత్రం పెట్టుకోకండి. ఫారం మీరే నింపండి, బండి పక్కన కూర్చుని నంబర్ చూస్తూ నింపండి.

ఆ డ్రైవర్ లారీ ఇంకా వరసలోనే ఉంది. నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే హారన్ కొట్టి చెయ్యి ఊపాడు.