చవక గార్లాండ్‌తో నిండైన మ్యాంటెల్

ఫైర్‌ప్లేస్ మీది మ్యాంటెల్ పలకను మా ఇంట్లో ఏడాదిలో చాలా కాలం ఎవరూ పట్టించుకోరు. తాళంచెవులు, పిల్లల స్కూలు ఫొటోలు, ఎవరో కానుకగా ఇచ్చిన కొవ్వొత్తులు అక్కడ పోగుపడుతుంటాయి. నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ దాటి క్రిస్మస్ అలంకరణ మొదలైందంటే మాత్రం ఇంటికి వచ్చినవారి చూపు ముందుగా దాని మీదే పడుతుంది. గుంటూరులో క్రైస్తవుల ఇళ్ల ముందు డిసెంబరు నెలంతా వెలిగే కాగితపు స్టార్‌కు ఉన్న ప్రాధాన్యం ఇక్కడ న్యూజెర్సీలో ఫైర్‌ప్లేస్‌కు దక్కింది. దుకాణాల్లో అలంకరించి చూపించే దట్టమైన గార్లాండ్ (పచ్చని కొమ్మల్లా కనిపించే తోరణం) ధర ఒక్కోసారి వంద డాలర్లు కూడా దాటుతుంది. అంత పెట్టవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. చవక రకంలో ఉన్న లోపమల్లా పలచగా, అణిగిపోయి ఉండటమే, దానిని ఓపికతో సరిచేయవచ్చు.

కొనే ముందు మ్యాంటెల్‌ను టేపుతో కొలవడం మంచిది. గార్లాండ్‌లు ఎక్కువగా 9 అడుగుల పొడవులో దొరుకుతాయి. పలక 6 అడుగులుంటే రెండు వైపులా అడుగున్నర చొప్పున కిందికి జారుతుంది, చూపుకు అది సరిపోతుంది. నేలదాకా వేలాడాలనుకునేవారు రెండింటిని కొసలు కలిపి కట్టుకోవాలి. చవక గార్లాండ్ ఆకులు పలచని పీవీసీ రేకును సన్నగా కత్తిరించి తీగకు మెలిపెట్టినవి. ఖరీదైన వాటిలో అచ్చుపోసిన పీఈ (పాలిథిలీన్ ప్లాస్టిక్) రెమ్మలు కలుస్తాయి, అసలు కొమ్మలా కనిపించేవి అవే. అందువల్ల పీవీసీ గార్లాండ్‌లు రెండు కొని, జడపాయల్లా ఒకదానితో ఒకటి మెలివేస్తే, ఒక ఖరీదైన దాని ధరలో సగం కూడా కాకుండానే దానికి దీటైన నిండుదనం వస్తుంది. రెండూ ఒకే ఛాయలో ఉండనక్కరలేదు, ముదురు ఆకుపచ్చలో కొంచెం బూడిదరంగు కలిస్తే ఇంకా సహజంగా ఉంటుంది.

అసలు పని అంతా కొమ్మలు విప్పడంలోనే ఉంది. చాలామంది పెట్టెలోంచి తీసిన గార్లాండ్‌ను ఒకసారి దులిపి పలక మీద పరిచేసి, అందంగా లేదని దాని మీద బంతులు, రిబ్బన్లు గుప్పిస్తారు. అలా చేయకుండా నేల మీద పాత దుప్పటి పరిచి, గార్లాండ్‌ను దాని మీద చాచి, ఒక కొసనుంచి మొదలుపెట్టి ప్రతి రెమ్మనూ మొదలు దగ్గర పట్టుకొని ఒకటి పైకి, ఒకటి ముందుకు, ఒకటి పక్కకు వంచుతూ పోవాలి. గోడను ఆనుకునే వైపు రెమ్మలను కూడా ముందుకు తిప్పేస్తే వెనుక భాగం చదునుగా ఉండి పలక మీద నిలకడగా కూర్చుంటుంది, ఎదుటి భాగం రెట్టింపు ఒత్తుగా కనిపిస్తుంది. మధ్యలోని తీగ ఎక్కడా కంటికి ఆనకపోతే పని పూర్తయినట్టు. తీగల కొసలు ముంజేతులను గీరుతాయి కాబట్టి పొడవు చేతుల చొక్కా వేసుకోవడం మేలు.

ఆ తరువాత దానికి కొంచెం ప్రాణం పోయాలి. క్రిస్మస్ చెట్లు అమ్మేచోట మొదళ్లు సరిచేసినప్పుడు నరికిన ఫర్ చెట్టు కొమ్మలు అడిగితే చాలాచోట్ల ఊరికే ఇస్తారు. వాటిని జానెడు ముక్కలుగా కోసి ప్లాస్టిక్ రెమ్మల మధ్య అక్కడక్కడ దూర్చితే, గదిలోకి అడుగుపెట్టిన వారికి వాసన ముందు తగులుతుంది, కన్ను ఆ వాసననే నమ్ముతుంది. వేడిగా ఉండే ఇంట్లో అవి త్వరగా ఎండి ముళ్లాకులు రాల్చుతాయి కనుక పండుగకు వారం ముందు పెడితే చాలు. పావు అంగుళం మందాన కోసిన నారింజ చక్రాలను 200 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో మూడు నాలుగు గంటలు, మధ్యలో తిప్పుతూ ఎండబెట్టి రెమ్మల మధ్య వేలాడదీస్తే, దీపం వెలుతురు వాటి గుండా తేనెరంగులో కనిపిస్తుంది. రెమ్మల మధ్య గుచ్చే దాల్చినచెక్క మాత్రం క్రాఫ్ట్ దుకాణంలో కొనవద్దు, ఇండియన్ గ్రోసరీ ఉండగా ఆ ధర పెట్టడం నా మనసుకు ఒప్పదు.

అద్దె ఇంట్లో మేకులు కొట్టే వీలుండదు. నున్నని పెయింటు పలకకైతే జిగురుతో అతుక్కునే కమాండ్ హుక్స్ సరిపోతాయి, పలకను రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, హుక్ అతికించి, గంట ఆగాక బరువు వేయాలి. గరుకు ఇటుకకు ఆ జిగురు పట్టదు, ఇటుక పైఅంచునూ కిందిఅంచునూ కరిచిపట్టే బ్రిక్ క్లిప్పులు వేరుగా దొరుకుతాయి. పిల్లలకు కానుకలు నింపే స్టాకింగ్స్‌ను (పెద్ద మేజోళ్లను) గార్లాండ్‌కే తగిలించకూడదు, చాక్లెట్లు నింపాక ఆ బరువుకు మొత్తం కిందికి జారుతుంది.

దీపాలకు బ్యాటరీతో నడిచే సన్నని రాగితీగ ఎల్‌ఈడీలు నాకు నచ్చుతాయి, ప్లగ్ కోసం గోడ వెంట వైరు పాకించే పని ఉండదు. టైమర్ ఉన్నవి ఆరు గంటలు వెలిగి మిగతా పద్దెనిమిది గంటలు వాటంతటవే ఆరి ఉంటాయి. మా ఇంట్లోలాగే మ్యాంటెల్ పైన టీవీ ఉంటే, దాని కిందిఅంచులో ఉండే రిమోట్ సెన్సర్‌కు రెమ్మలు అడ్డం రాకుండా మధ్యభాగాన్ని పలచగా ఉంచి, ఒత్తుదనాన్ని రెండు కొసలకు తోయాలి. లేకపోతే మ్యాచ్ జరుగుతున్నంతసేపు గార్లాండ్‌కు తిట్లు తప్పవు.

మంట విషయంలో మాత్రం రాజీ లేదు. మండే వస్తువేదైనా ఫైర్‌ప్లేస్‌కు కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలని అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ చెబుతుంది. మ్యాంటెల్ మీది గార్లాండ్‌కు, ముఖ్యంగా వేలాడే కొసలకు, ఆ దూరం ఎలాగూ ఉండదు. గ్యాస్ ఫైర్‌ప్లేస్ అయినా వేడి నేరుగా పైకే వస్తుంది. పైగా కమాండ్ జిగురు 105 డిగ్రీల ఫారన్‌హీట్ దాకానే పనిచేస్తుంది. కాబట్టి నిప్పు వేయాలనుకున్న రోజున గార్లాండ్‌ను పూర్తిగా దించవలసిందే. మేము డిసెంబరంతా పొయ్యిలో మంట వేయకుండా, లోపల బ్యాటరీ కొవ్వొత్తులు పేర్చి పెడతాము.

ఇంకా చవకగా కావాలనుకునేవారు డిసెంబరు 26న దుకాణానికి వెళ్లాలి, ఆ రోజు చాలాచోట్ల సగం ధరకే ఇస్తారు. జనవరి దాకా ఆగితే ధర ఇంకా తగ్గుతుంది గాని, అప్పటికి మిగిలేవి ఎక్కువగా వెండిరంగు జరీవే. పచ్చనివి కావాలంటే మొదటి రోజే వెళ్లడం మంచిది.