సీడ్‌లో త్రీడీ ప్రశ్నలు: ముందు బుర్రలో తిప్పండి, తర్వాతే మౌస్‌తో

డిజైన్‌లో పీజీ (ఎం.డిజైన్) కోసం సీడ్ ప్రవేశ పరీక్ష రాయబోతున్న మిత్రులారా, పార్ట్-ఎలో చాలామంది చివరికి నెట్టేసేది విజువలైజేషన్, స్పేషియల్ ప్రశ్నలనే, అంటే త్రీడీ ఆకారాలను మనసులో ఊహించుకుని జవాబు చెప్పాల్సినవి. నాకు బాగా కలిసొచ్చినవి అవే కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

నేను అమీర్‌పేటలో క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటూ సీడ్‌కి చదివాను. క్యాడ్ వస్తే ఈ ప్రశ్నలు వాటంతటవే వచ్చేస్తాయని అక్కడ చాలామంది అనేవారు. అలా రావు. స్క్రీన్ మీద బొమ్మను తిప్పుతుంటే గీతల కదలికను బట్టే మెదడు లోతును పట్టేస్తుంది. వాలాక్, ఓకానెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1953లోనే కదిలే నీడలతో ఈ సంగతి చూపించారు. పరీక్షలో బొమ్మ కదలదు కదా!

ఒకసారి ఇది చేసి చూడండి. క్యాడ్‌లో క్యూబ్ గీసి, పెర్‌స్పెక్టివ్ (దూరంగా ఉన్నవి చిన్నగా కనిపించడం) తీసేసి, వైర్‌ఫ్రేమ్‌లో, అంటే అంచుల గీతలే కనిపించేలా పెట్టి, ఐసోమెట్రిక్ వ్యూకి, అంటే క్యూబ్‌ను ఒక మూల వైపు నుంచి సూటిగా చూసే కోణానికి రండి. క్యూబ్ కనిపించదు. ఆరు భుజాల బొమ్మ, మధ్యలో కలిసే ఆరు గీతలు, అంతే. మనకు ఎదురుగా ఉన్న మూల, దాని వెనక దాక్కున్న మూల ఒకే చుక్క మీద పడతాయి. కాస్త పక్కకు తిప్పితే క్యూబ్ వస్తుంది గానీ, ఏది ముందు ముఖమో చూస్తుండగానే మారిపోతుంది. 1832లో స్విస్ శాస్త్రవేత్త నెకర్ స్ఫటికాల బొమ్మల్లో గమనించింది ఇదే.

ఈ గందరగోళాన్ని చాలావరకు తీర్చేది, ఏది దేన్ని కప్పుతోందన్న ఆధారం. అందుకే నేను బొమ్మ చూడగానే ఇంగ్లిష్ టీ ఆకారంలో గీతలు కలిసే చోట్లు వెతికేవాణ్ణి. ఆగిపోయిన గీత సాధారణంగా వెనకది, అడ్డంగా సాగిపోయింది ముందుది.

బొమ్మను మనసులో ఎంత ఎక్కువ తిప్పాల్సి వస్తే అంత టైమ్ పడుతుందని షెపర్డ్, మెట్జ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో తేల్చారు. కాబట్టి మొత్తం బొమ్మను తిప్పకండి. ఒక్క మూల పట్టుకోండి. అక్కడ కలిసే మూడు ముఖాల గుర్తులు గడియారం ముల్లు దిశలో ఏ వరుసలో ఉన్నాయో చూడండి. బొమ్మను ఎటు తిప్పినా ఆ వరుస మారదు, అద్దంలో ప్రతిబింబమైతే తిరగబడుతుంది. సగం ఆప్షన్లు ఇక్కడే ఎగిరిపోవచ్చు!

ప్రాక్టీస్‌లో జవాబు కాగితం మీద రాసేశాకే మోడల్ తయారుచేసి తిప్పి సరిచూసుకోండి. దీనికి ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ప్రశ్నలు చాలకపోతే కోఠీలో పాత ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకాలు వెతకండి, వాటిలో ఐసోమెట్రిక్ లెక్కలు బోలెడు.