మొలకెత్తని గింజ

"అబద్ధాలకోరు అన్నా ఆయన!" తమ్ముడు టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. ఇందాకే, బెంజి సర్కిల్ దగ్గర. గొడవంతా వీడియో గేమ్‌లు తయారుచేసే పీటర్ మోలినూ గురించి.

ఫేబుల్ అనే తన ఆటలో గింజ నాటితే మనతో పాటే చెట్టై ఎదుగుతుందన్నాడు. 2004లో ఆట వచ్చింది, చెట్టు రాలేదు. తర్వాత ఆయనే క్షమాపణ చెప్పాడు.

తమ్ముడి కోపం న్యాయమే. లేనిదాన్ని ఉందని చెప్పి ఆశపెట్టకూడదు.

కానీ 2001లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ ఆట కూడా ఆయనదే కదా! అందులో మనం పెంచే జంతువుని నిమిరితే చేసిన పనే మళ్లీ చేస్తుంది, కొడితే మానుకుంటుంది. ఊళ్లో మనిషిని మింగిందని నా ఆవుని బాగా కొట్టాను. అది తల దించుకుంది. ఆ రాత్రి నిద్రపట్టక లేచి, కంప్యూటర్ ఆన్ చేసి మరీ నిమిరాను.

ఇది చెబితే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు.

"నాది పులి అన్నా," అన్నాడు.